నలభై ఒక్కరికి ఒకే నంబరు

రూప్లా గారి చదువు ఏడో తరగతితో ఆగిపోయింది గానీ, మందుచీటీ మీద మా నాన్న రాతను నాకన్నా బాగా చదివేవారు. సూర్యాపేటలో మా నాన్న డాక్టర్ భాస్కర్ నడిపే చిన్న దవాఖానలో ఆయన ఇరవై ఆరేళ్ళు కాంపౌండరు. మోతె ఊరు దాటాక వచ్చే తండాలో ఉండేవారు. పొద్దున బైకు మీద వచ్చేవారు. సాయంత్రం వెళ్తూ తండావాళ్ళ మందులు సంచిలో వేసుకుని ఇంటింటికీ ఇచ్చేవారు.

రెండేళ్ళ కిందట దవాఖానలోకి ట్యాబ్ వచ్చింది. ఇక ప్రతి మనిషికీ ఒక సంఖ్య, పరీక్షల ఫలితాలు నేరుగా ఫోనుకే వస్తాయన్నారు. ఎంఏ అయిపోయి ఇంట్లో ఉన్న నేను పేర్లెక్కించే పనికి కూర్చున్నాను. కొత్తవాళ్ళతో మాట్లాడాలంటే నాకు బెరుకు. తల వంచుకుని టైపు చేసే పని కాబట్టి ఒప్పుకున్నాను.

ఫోను నంబరు కొట్టకపోతే తెర ముందుకు కదలదు. తండా ముసలివాళ్ళలో చాలామందికి ఫోను లేదు. ఇంట్లో ఉన్న ఒక్కటీ పనికి పోయినవాళ్ళ జేబులో ఉండేది.

"నాది రాయి, రచనమ్మా," అన్నారు రూప్లా గారు మొదటి రోజే.

"అందరికీనా అంకుల్?"

"మరి? మెసేజ్ వస్తె పోయి చెప్త. పొద్దుగూకితె నేను గాడికి పోయేటోడినే గద."

అలా నలభై ఒక్కమందికి ఆయన నంబరే పడింది. మెసేజీలో పేరుండదు, వేరేవాళ్ళు చూడకూడదని. సంఖ్యలోని చివరి నాలుగు అంకెలే ఉంటాయి. అందుకని ఆయన ఒక చిన్న నోటుబుక్కులో అంకెలూ, వాటి ఎదురుగా పేర్లూ రాసుకుని చొక్కా జేబులో పెట్టుకునేవారు.

ఒకసారి ఆయన పక్కింటి కిష్ట్యా దవాఖాన బెంచీ మీద కూర్చుని అందరూ వినేలా అన్నాడు: "మా తండ రోగాలన్నీ ఈయన జేబులనే ఉన్నయమ్మా. ఆ ఫోను బాయిల వడ్డదనుకో, అందరం మంచిగైపోతం!"

"నీ గుట్టు గూడ గీడనే ఉందిరా. బీపీ గోలీలు యాడ పారేస్తున్నవో సార్‌కు చెప్పాల్నా?"

కిష్ట్యా గబగబా చేతులు జోడించాడు. బెంచీ అంతా నవ్వింది.

పోయిన నవంబరులో ఒక శనివారం నాన్న రూప్లా గారి పాదాల వాపు చూసి కోప్పడ్డారు.

"ఎన్నాళ్ళ సంది ఇది?"

"బండి నడిపి నడిపి సార్."

"నేను గూడ నడుపుతున్న. మరి నాకు వాయలే? కూసో ముందు."

నర్సు రజిత రక్తం తీసింది. అప్పటిదాకా ఎప్పుడూ ఆయన పేరు ఎక్కించలేదు. ఆ రోజే ఎక్కించి, "మీ అంకెలు కూడా రాసుకోండి అంకుల్," అన్నాను.

"నాదెందుకమ్మా? నేను సార్ ముంగటనే ఉంట గద."

మర్నాడు ఆదివారం, దవాఖానకు సెలవు. నాన్న పెళ్ళికని మిర్యాలగూడ వెళ్ళారు. ట్యాబు ఆయన కారులోనే ఉంది. తొమ్మిదింటికి రూప్లా గారు నాకు ఫోను చేశారు.

"రచనమ్మా, మెసేజ్ వచ్చింది. పొటాషియం మస్తు పెరిగిందట, వెంటనే దవాఖానకు పొమ్మంటుంది. నాలుగు నాలుగు ఒకటి ఏడు. నా బుక్కుల లేదు. సార్ ఫోన్ ఎత్తుతలేడు. జర సూసి చెప్తవా?"

"ట్యాబు నాన్న దగ్గరుంది అంకుల్. నిన్న రక్తం ఎవరెవరిచ్చారు?"

"తండోళ్ళు ఏడుగురు. ఎవలిదో తప్పు రాసుకున్నట్టుంది. ఇంటింటికి పోయి సూస్త."

ముందురోజు నేనే ఎక్కించిన ఎనిమిదో పేరు నాకు గుర్తు రాలేదు. ఏడుగురని ఆయనంటే నేనూ ఏడుగురనే అనుకున్నాను.

తర్వాతి సంగతి కిష్ట్యా చెప్పాడు. రూప్లా గారు ఐదిళ్ళు తిరిగారు. కాళ్ళల్లో సత్తువుందా, గుండె దడగా ఉందా అని ఒక్కొక్కరినే అడిగారు. అందరూ బాగానే ఉన్నామన్నారు. మిగిలిన ఇద్దరూ పత్తి ఏరడానికి పోయారంటే చేన్ల వైపు నడిచారు. దారిలో రెండుసార్లు ఆగి తొడలు పట్టుకున్నారు.

"నీ కాళ్ళే గుంజుతున్నయ్, కూసో జర," అన్నాడట కిష్ట్యా.

"ఎవలికో పాణం మీదికొచ్చిందిరా. ఇప్పుడు కూసుంటె ఎట్ల?"

మిర్యాలగూడలో నాన్న మధ్యాహ్నం భోజనాలయ్యాక ఫోను చూసుకున్నారు. ఆయనకూ అదే హెచ్చరిక వచ్చింది. నాలుగు అంకెలు, కింద రూప్లా గారి నంబరు. తండాలో ఎవరికో బాగాలేదు, రూప్లా ఈపాటికి తోలుకొచ్చి పెద్ద దవాఖానలో చేర్పించి ఉంటాడు అనుకున్నారు. తిరిగి చేస్తే ఎత్తలేదు. బండి మీద ఉన్నాడేమో అనుకున్నారు.

నాలుగింటికి ఇల్లు చేరారు. నేను ఆ అంకెలు చెప్పగానే చెప్పులైనా విడవకుండా ట్యాబు తెరిచారు. తెర మీద నేను కొట్టిన అక్షరాలే ఉన్నాయి. రూప్లా, వయసు యాభై నాలుగు.

నేనే రూప్లా గారికి ఫోను కలిపాను. కిష్ట్యా ఎత్తాడు.

"గట్టు మీద పడిపోయిండమ్మా. ఆటోల వేసుకొని సూర్యాపేటకే తెస్తున్నం. పిలిస్తె పలుకుతలేడు."

ఆటో మా ఇంటి ముందు ఆగింది. నాన్న ఎక్కి రూప్లా గారి మణికట్టు పట్టుకుని కూర్చున్నారు. చాలాసేపు వదల్లేదు. చివరికి కిష్ట్యానే, "ఇగ దిగుండ్రి సార్," అన్నాడు.

ఆ నలభై ఒక్కమందికీ ఇప్పుడు నా నంబరు ఉంది. రూప్లా గారి పేరు తీసేయమని నాన్న చెప్పలేదు. నేనూ తీయలేదు.

ఫిబ్రవరిలో ఆయన భార్య నీలా దవాఖానకు వచ్చింది. కొంగు ముడి విప్పి ఆయన ఫోను నా ముందు పెట్టింది. ఆమెకు చదువు రాదు.

"నిన్నటి సంది మోగుతుందమ్మా. ఎవలిదో అర్జంటున్నట్టుంది. ఆయన లేకపాయె. నువ్వు పేరు చెప్తె నేనే పోయి చెప్పొస్త."

చూశాను. 4417. మూడు నెలల పరీక్షకు గడువు దాటిందట, వెంటనే రమ్మని ఉంది.

"ఎవలిదమ్మా? మా తండదేనా?"

"మీ ఇంటిదే, నీలమ్మా," అన్నాను.

ఆమె ఫోను వైపు చూసింది గానీ తీసుకోలేదు. మందుల అలమరా పక్కన ఆయన కూర్చునే స్టూలు మీద కూర్చుంది. నాన్న తన గది తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డారు. బెంచీ మీదివాళ్ళెవరూ తమ వంతు అడగలేదు.