తాత ముద్దు చేసిన ఉల్లి

మా తాత ఉల్లిగడ్డల పరీక్షలు చేసే తోటలో మడులు చూసే పనివాడు. రకానికో మడి వేసి, ఏ గడ్డ ఎక్కువ ఊరిందో, ఏది ఎక్కువకాలం నిలవ ఉందో తేల్చడం ఆ తోట పని. అవే రకాలను చలి వణికించే కొండమీదా, ఎండలు మాడ్చే మెట్టలోనూ వేస్తారు. మూడు చోట్లా నిలిచిందే రైతుల చేతికి వెళుతుంది.

అందులో ఒక రకం తాతది. ఏటేటా మంచి గడ్డలు ఏరి, వాటి విత్తనం కట్టి, తల బట్టతల అయ్యేదాకా తయారుచేసుకున్న రాగిరంగు ఉల్లి. దాన్ని "మా చిన్నది" అంటాడు. నాయనమ్మ "నా సవతి" అంటుంది.

ఆకులు వాలిపోయాక ఉల్లికి నీళ్లు ఆపేయాలి. గడ్డ మెడ ఎండి మూసుకుంటేనే నిలవ. కొత్త కూలీలకు చెవులు మెలేసి మరీ ఈ ముక్క నేర్పింది తాతే. కానీ ఆ ఏడు చిన్నది ఉన్న మడి బీటలు వారితే ఆయన ప్రాణం ఒప్పుకోలేదు. అందరూ అన్నాలకు వెళ్లగానే బిందెతో నీళ్లు మోసి, ఆ ఒక్క మడికే పోశాడు.

తూకంలో చిన్నదే మొదటిది. తాత ఆ రోజు ఇంటికి నడిచి రాలేదు, తేలుతూ వచ్చాడు.

"ఏమేవ్, నీ సవతి గెలిచింది!"

"అయితే దాన్నే వండిపెట్టమను," అంది నాయనమ్మ.

కొన్నాళ్లకు నిలవ షెడ్డులో కంపు మొదలైంది. పైకి నిగనిగలాడే గడ్డ మెడను పెద్దాఫీసరు నొక్కితే వేలు లోపలికి దిగబడింది. చిన్నది బుట్టలు బుట్టలుగా కుళ్లింది. అదే చిన్నది కొండమీదా మెట్టలోనూ చెక్కుచెదరలేదట. అక్కడ దాన్ని ముద్దు చేసేవాళ్లు లేరు మరి!

"ఇక్కడే ఎందుకు పోయింది?" అన్నాడు ఆఫీసరు.

"నేనే నీళ్లు పోశాను సార్. తప్పు నాది, దానిది కాదు. ఇంకొక్క ఏడు వెయ్యండి."

"ఒక్క మడికే నీళ్లు పోస్తే అది పరీక్షా, పెంపకమా పెద్దాయనా? ఈ రకం మూడు చోట్లా కొట్టేశాం. విత్తనం కూడా పూడ్చెయ్. గొయ్యి నువ్వే తవ్వు, అలవాటైన చెయ్యి."

పరీక్షకు పెట్టిన రకం గింజ ఇంట్లో ఉంచుకోకూడదు. తాత దగ్గర ఒక్కటీ లేదు.

తాత తవ్వుతుంటే, ఆయన చేత చెవి మెలి తిన్న కూలీ ఒకడు, "తాతా, నీ చిన్నది గొంతు తడుపుకుంటుందేమో, బిందె తేనా?" అన్నాడు. అందరూ విరగబడి నవ్వారు. తాత కుళ్లులో మోచేతిదాకా చెయ్యి పెట్టి వెతికి, గట్టి గడ్డ ఒకటి పట్టుకొచ్చాడు.

"సార్, ఇది బాగుంది. దీన్నొక్కదాన్ని ఉంచుకుంటాను."

ఆఫీసరు జేబులోంచి చాకు తీసి గడ్డను నిలువునా కోశాడు. లోపల తెల్లగా, పొర పొరా శుభ్రంగా ఉంది.

"నిజమే, బాగుందే," అని రెండు ముక్కల్నీ గోతిలో పడేశాడు. "ఇక మట్టి వెయ్యి."

తాత వేశాడు.