పెద్దసారు డబ్బా అడుగుకు పోయిన రోజు

కంప్యూటర్ అంటే ఒక గదంత ఉండి, చెప్పులు బయట విప్పి, చేతులు తుడుచుకుని గుళ్ళోకి వెళ్ళినట్టు వెళ్ళాల్సిన రోజులవి. మాకు చెమట పడితే అడిగే దిక్కు లేదు గానీ, దానికి ఉక్కపోయకూడదని ఉప్పల్‌లోని మా ఆఫీసులో ఆ ఒక్క గదికే ఏసీ పెట్టించారు. (ఎండాకాలంలో ఆ గదిలో అర్జెంటు పని పడనివాళ్ళు ఆఫీసు మొత్తంలో ఒక్కరు కూడా ఉండేవారు కాదు.) ఇప్పుడు మా మనవరాలు తెర మీద ఒక డబ్బాని వేలితో తోస్తే అది పక్క డబ్బా సరసకు వెళ్ళి, తూచినట్టు అదే ఎత్తులో అతుక్కుంటుంది. అది చూసినప్పుడల్లా నాకు పాత భయం గుర్తొస్తుంది. డెబ్బైల మొదట్లో డబ్బాలను వరసలో నిలబెట్టబోయి నా ఉద్యోగానికే ఎసరు పెట్టుకున్నవాణ్ణి నేను. ఏనాటి నుంచో క్రమం తప్పకుండా డైరీ రాస్తున్నాను. ఎండ ఎలా ఉంది, ఏ కూర తిన్నాను, సైకిలుకు గాలి ఎప్పుడు కొట్టించాను, అన్నీ ఉంటాయి. కానీ ఆ రోజు పేజీలో మాత్రం "చార్టు. వివరాలు రేపు" అని ఉంది. మర్నాటి పేజీలోనూ అదే ముక్క. అంత అదిరిపోయాను.

మాది భూమి లోపల రాళ్ళనూ నీళ్ళనూ వెతికే ఆఫీసు. నేను గుంటూరు వైపు నుంచి కొత్తగా వచ్చి, నాచారంలో ఫ్యాక్టరీ సైరన్‌కు లేచే ఒక గదిలో ఉంటూ, సైకిలు మీద ఉప్పల్ వెళ్ళేవాణ్ణి. ఉద్యోగం ప్రోగ్రామర్, పక్కనే 'తాత్కాలికం' అన్న తోక. పెద్దసారు, అంటే మా డైరెక్టరు, సంతకం పెడితే ఆ తోక తెగుతుంది. పెట్టకపోతే గడువు తీరగానే నేను గుంటూరు బండి ఎక్కాలి. పెద్దసారు కింద ఇద్దరు సమాన హోదా అధికారులు ఉండేవారు. రాళ్ళ విభాగం చూసేవారు రాళ్ళసారు, నీళ్ళ విభాగం చూసేవారు నీళ్ళసారు. ఆఫీసులో ఎవరు ఎవరి కింద పనిచేస్తారో డబ్బాలు గీసి, గీతలు కలిపి చూపే చార్టు ఒకటి ఏటా తయారై గోడకెక్కేది. దాన్ని టీ-స్కేలు, సిరాకలం పట్టుకుని చేత్తో గీసే డ్రాఫ్ట్స్‌మన్‌ను అందరూ గీతలమామ అనేవాళ్ళం. ఆయనది రామంతాపూర్.

ఆ ఏడు మామ గీసిన చార్టు దగ్గర నీళ్ళసారు స్కేలు పట్టుకుని నిలబడిపోయారు. "ఏందయ్యా ఇది? నా డబ్బా ఆయన డబ్బా కన్న కిందికున్నది. మా సెక్షన్ల అందరు సూసి నవ్వుతున్నరు" అన్నారు. "గీత మందమంత తేడాకి ఇంత గొడవేంటండీ?" అని రాళ్ళసారు. "గీత మందమే గద, గయితే మీరు దిగున్రి కిందికి." మామ మళ్ళీ గీశాడు. ఈసారి రాళ్ళసారు స్కేలు తెచ్చారు. ఇలా చార్టు నాలుగైదుసార్లు తిరిగాక మామ కలం కింద పెట్టేసి, "నాతోని గాదు సార్. వీళ్ళిద్దరి నడుమ గీత గీసుడు కన్న, మౌలాలి గుట్టను జర పక్కకు జరుపుమంటే నయ్యం" అన్నాడు. ఢిల్లీ నుంచి తనిఖీ కమిటీ రాబోతోంది, గోడ ఖాళీగా ఉంది. పెద్దసారు నన్ను పిలిపించారు. ఆయన గొంతు పెంచేవారు కాదు, అదే భయం. "మ్యాపులు గీయడానికి కొత్తగా తెప్పించిన మిషన్ ఉంది కదా. దానికి ఇద్దరిలో ఎవరూ చుట్టాలు కారు. దానిచేత గీయించండి. చార్టు బాగా వస్తే మీ ఫైలు కూడా అదే రోజు చూస్తాను."

ఆ మిషన్ పేరు ప్లాటర్. డ్రమ్ము మీద కాగితం ముందుకీ వెనక్కీ తిరుగుతుంటే, పైన ఒక పెన్ను అటూ ఇటూ పరుగెత్తుతూ గీస్తుంది. చూడ్డానికి ముచ్చటే గానీ, దానికి సొంత బుర్ర లేదు. ప్రతి డబ్బా మూల ఎక్కడ, వెడల్పెంత, ఎత్తెంత, లోపలి అక్షరాలు నడుమకు రావాలంటే పెన్ను ఎక్కడ మొదలెట్టాలి, అన్నీ లెక్కగట్టి, చిల్లుల కార్డుల మీద పొడిచి చెప్పాలి. ఒక వరసలో ఎన్ని డబ్బాలుంటే కాగితం వెడల్పును అన్ని భాగాలు చెయ్యాలి, డబ్బా నడిమి చోటు నుంచి హోదా పొడవులో సగం తీసెయ్యాలి. నా మొదటి ప్రయత్నంలో డబ్బా వెడల్పును అక్షరాలను బట్టి పెట్టాను. పెద్దసారు హోదా ఒక్క ముక్క, స్టోరు గుమాస్తాగారిది ఆరు ముక్కలు. పెద్దసారు అగ్గిపెట్టెంత, గుమాస్తాగారు బీరువాంత వచ్చారు. ఎవరి కంటా పడకముందే ఆ కాగితం చింపేసి, అందరికీ ఒకే కొలత పెట్టాను. రాళ్ళసారుకీ నీళ్ళసారుకీ ఎత్తు చెప్పే అంకె ఒకటే ఇచ్చాను. ఇక బ్రహ్మ దిగొచ్చినా తేడా రాదు. అన్నిటికన్నా కింది వరస నాలాంటి తాత్కాలికులది. అందులో నా డబ్బాని సరిగ్గా నడుమ పెట్టుకున్నాను. (సరిచూసుకోవడానికి తేలికని. అంతకు మించి దురాశ లేదు.)

కమిటీ వచ్చే రోజు పొద్దున్నే మిషన్ చార్టు గీసింది. నేను స్కేలు తీసుకుని ఆ ఇద్దరి డబ్బాలూ కొలిచాను. వెంట్రుకవాసి తేడా లేదు. ఆనందంతో కాగితం చుట్టి రాళ్ళసారు గదికి పరుగెత్తాను. ఆయన తన డబ్బా కొలిచి, నీళ్ళసారు డబ్బా కొలిచి, "శభాషయ్యా, మిషనంటే మిషనే" అని మూలన సంతకం పెట్టారు. నీళ్ళసారు స్కేలు చాలక దారం కూడా తెప్పించి పట్టి చూశారు. "మస్తున్నది. ఇగ దీన్ని ఎవ్వరు ముట్టద్దు" అని ఆయనా సంతకం పెట్టారు. రెండు సంతకాలతో పెద్దసారు బల్ల మీద చార్టు పరిచాను. వెనకాలే వాళ్ళిద్దరూ వచ్చి, చెరో పక్క పెళ్ళివారిలా నిలబడ్డారు.

పెద్దసారు కళ్ళజోడు సవరించుకుని కాగితం పైనుంచి చూడ్డం మొదలెట్టారు. చూపు మెల్లగా కిందికి దిగింది. ఇంకా దిగింది. ఆయన మెడ వంగింది, తర్వాత నడుము వంగింది. "నేనెక్కడ ఉన్నానండీ?" అన్నారు.

అప్పుడు చూశాను. కాగితం అడుగున, అందరి బరువూ నెత్తిన మోస్తున్నట్టు, ఒంటరిగా ఒకే ఒక్క డబ్బా ఉంది. అది డైరెక్టరుగారిది. ఆయన నెత్తిన రాళ్ళసారు, నీళ్ళసారు, వాళ్ళ మీద సూపర్వైజర్లు, గుమాస్తాలు, వాచ్‌మన్. అందరికన్నా పైన, సరిగ్గా నడుమ, కిరీటంలా, 'ప్రోగ్రామర్, తాత్కాలికం'. విషయమేమిటంటే, అప్పటిదాకా నేను లైన్ ప్రింటర్ మీద చుక్కలతో డబ్బాలు వేసినవాణ్ణి. దానికి ఒకటో వరస అంటే కాగితం పైభాగం. ప్లాటర్ అలా కాదు. బళ్ళో గ్రాఫు కాగితానికి సున్నా కింది మూలన ఉన్నట్టు, దాని లెక్క కిందనుంచి పైకి పోతుంది. నేను ఒకటో వరసలో పెద్దసారును పెట్టాను. అది బుద్ధిగా ఆయన్ను అడుగున కూర్చోబెట్టింది. అక్షరాలు మాత్రం తిన్నగానే ఉన్నాయి, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. మొదటి కాగితంలో నేను వెడల్పులే చూశాను, ఇందులో అందరం ఆ రెండు డబ్బాలే చూశాం!

"సార్, తిరగేసి తగిలిద్దాం సార్" అని నోరు జారాను. పెద్దసారు కాగితం తిప్పి చూశారు. ఆయన డబ్బా పైకి వచ్చింది గానీ, అక్షరాలన్నీ తలకిందులయ్యాయి. మళ్ళీ తిప్పారు. సొరుగులోంచి నా ఫైలు తీసి, నా చేతికిచ్చారు. "ఈ చార్టు ప్రకారం నేను మీ దగ్గర పనిచేస్తున్నాను. మీ ఫైలు నా దగ్గరకెందుకు వచ్చిందో అర్థం కాలేదు. మీరే సంతకం పెట్టుకోండి." నవ్వుతున్నారేమోనని మొహం చూశాను. నవ్వడం లేదు. "కమిటీ భోజనాలయ్యాక వస్తుంది" అని మాత్రం అన్నారు.

నేను బయటపడేసరికి నీళ్ళసారు వెంటపడ్డారు. "ఏమన్న జేస్కో గని, మా ఇద్దరి వరస కదిలిందో, సూడు మల్ల!" రాళ్ళసారు ఆ ఒక్క విషయంలో ఆయనతో ఏకీభవించారు. లెక్కలు మళ్ళీ కట్టే వ్యవధి లేదు. కార్డుల కట్టలో వరసల క్రమం తిరగేశాను. తాత్కాలికులు మొదట, పెద్దసారు చివర. మిషన్ తన అలవాటు ప్రకారం అడుగునుంచి పైకి గీసుకుంటూ వచ్చింది. సార్లిద్దరూ చెరో వైపు స్కేలు పట్టుకుని నిలబడ్డారు. వాళ్ళ వరస వచ్చింది, వెళ్ళింది, సమానం. ఇక మిగిలింది పెద్దసారు ఒక్కరే. పెన్ను అక్కడికి వెళ్ళింది, అటూ ఇటూ పరుగెత్తింది, కాగితం మీద మాత్రం గీత లేదు. సిరా అయిపోయింది! స్టోరు తాళాలు గుమాస్తాగారి జేబులో, గుమాస్తాగారు భోజనానికి ఇంటికి. నాకు గుంటూరు బండి కూత వినిపించింది.

ఇక దారి లేక కాగితం పట్టుకుని గీతలమామ దగ్గరకు పరుగెత్తాను. మామ టిఫిన్ డబ్బా మూత పెట్టి, పైన ఖాళీగా ఉన్న చోటు చూసి, "ఏందల్లుడూ, మీ మిషన్‌కు పెద్దసారు దాంక వచ్చేసరికి గొంతెండిందా?" అన్నాడు. "మామా, నీ కాళ్ళు పట్టుకుంటా." "కాళ్ళొద్దు. కాయితం పట్టుకో, కదలకుంట" అని చేతులు కడుక్కుని, టీ-స్కేలు దించి, తన సీసాలోని నల్లసిరాతో గీశాడు. నేను ఒక్కటే గీత చాలన్నా వినకుండా చుట్టూ రెండో గీత కూడా వేశాడు. అక్షరాలకు కొంచెం వంపు, కొంచెం సోకు. తడి ఆరేదాకా ఇద్దరం వంగి ఊదాం.

పెద్దసారు ఈసారి నడుము వంచాల్సిన పని పడలేదు. కానీ పైవరస దగ్గరే ఆగిపోయారు. "నాది ఒక్కటే వేరేగా ఉందేం?" అన్నారు. గుమ్మంలో నిలబడ్డ మామ అందుకున్నాడు: "తక్కినోళ్ళందరిని మిషన్ గీసింది సార్. మిమ్ములను నేను గీసిన." పెద్దసారు ఆ రెండు గీతల డబ్బాను దగ్గరగా చూసి, "గోడకు తగిలించండి" అన్నారు. తర్వాత నా వైపు చెయ్యి చాచారు. ఎందుకో అర్థం కాక అయోమయంగా నిలబడ్డాను. "ఫైలండీ. ఇప్పుడు నేనే కదా పైన?" అని సంతకం పెట్టారు. నవ్వలేదు సరికదా, కలం మూత కూడా ఎప్పటిలాగే నెమ్మదిగా పెట్టుకున్నారు.

ఆ తర్వాత పదవీ విరమణ దాకా అదే ఆఫీసులో పనిచేశాను. ఏటా చార్టు గీయించాను, ఏటా సిరా ముందే చూసుకున్నాను. నా డబ్బా కింది వరస నుంచి మెల్లగా ఒక్కో మెట్టూ ఎక్కి, మధ్య వరసకు చేరి అక్కడే ఆగిపోయింది. ఆ తలకిందుల చార్టు మాత్రం పారెయ్యలేదు. మొన్న అటక సర్దుతుంటే బయటపడింది. మనవరాలు విప్పి చూసి, కళ్ళు పెద్దవి చేసి, "తాతయ్యా, నువ్వు డైరెక్టర్ కన్నా పైనుండేవాడివా?" అంది. వివరంగా చెబుదామనుకున్నాను. కానీ ఆ పిల్ల మొహంలో గౌరవం చూసి, "ఒక్క పూటేనమ్మా" అన్నాను.