మిల్లు వెనక్కి స్పానిష్‌లో దారి

దయ్యాలున్నాయని చెప్పేవాళ్లంటే నాకు మొదటి నుంచీ ఒళ్లు మంట. ఇప్పటికీ నమ్మను. అయినా ఇది రాస్తున్నాను, ఎందుకంటే జరిగింది నాకే.

మాది ఆదిలాబాద్. స్పానిష్ పరీక్ష పాసైతే ఇంటి నుంచి చేసుకునే ఉద్యోగం ఇస్తామన్నారు ఒక కంపెనీవాళ్లు. ఫోన్‌లో పాఠాలు వింటూ నేర్చుకుంటున్నాను. దారి అడగడం, చెప్పింది విని పోవడం, ఈ ఒక్క పాఠం దగ్గర నాలుగుసార్లు తప్పాను. చర్చి ఎక్కడ, బ్యాంకు ఎక్కడ అంటూ తియ్యగా మాట్లాడే ఆ ఆడగొంతు వింటేనే రోత పుట్టేది. "సిగా తోదో రెక్తో" అంటే నేరుగా వెళ్లండి అని. మా ఊళ్లో అంత సుబ్బరంగా దారి చెప్పేదెవరు? మావాళ్లకు తెలియదనడం నామోషీ. అడిగితే చాలు, తెలిసినా తెలియకున్నా చెయ్యి ఎటో ఒకవైపు లేస్తుంది.

ఎండాకాలం. మధ్యాహ్నం రెండింటికి చూస్తే ఇంట్లో అవ్వ లేదు. అవ్వంటే మా అమ్మ. ఏడాదిగా మతిమరుపు. సొంతింట్లోనే బాత్రూం ఎటని పూటకు పదిసార్లు అడుగుతుంది. పైగా షుగర్. చెప్పులు గుమ్మం దగ్గరే ఉన్నాయి. ఆ ఎండలో వట్టికాళ్లతో ఎంతసేపు నిలబడగలదు? వీధిలోకి పరుగెత్తాను.

వీధి చివర పాన్ డబ్బా నడిపే ఆయన్ని అడిగాను. "గిటే పోయింది అక్కా, సీదా పో" అన్నాడు. పోయాను, లేదు. అక్కడి టైలర్, "బస్టాండ్ దిక్కు పోతుండె, జల్ది పో" అన్నాడు. అక్కడా లేదు. తిరిగొచ్చి గట్టిగా నిలదీస్తే పాన్ డబ్బా ఆయన ఎర్రగా ఉమ్మేసి, "నేనైతే చూడలే. గటే పోయుంటదనుకున్న" అని నవ్వాడు.

సరిగ్గా అప్పుడే నా చెవిలో ఆ ఆడగొంతు పలికింది. తీగ లేని ఇయర్‌ఫోన్ ఒకటి చెవిలోనే ఉండిపోయింది. నేరుగా వెళ్లండి. రెండో సందులో ఎడమకు తిరగండి. మిల్లు వెనకాల. అంతా స్పానిష్‌లోనే. మనసులో తెలుగు చేసుకోకుండా అర్థం కావడం అదే మొదటిసారి. వెళ్లాను.

మూతబడిన జిన్నింగ్ మిల్లు వెనక మురుగు పారే మోరీ, పందులు, కుళ్లిపోయిన పత్తిగింజల కుప్ప. ఆ కంపుకు వాంతి చేసుకున్నాను. కుప్ప పక్కన గోడ నీడలో అవ్వ కూర్చుని ఉంది. చీర తడిసిపోయింది. అరికాళ్లు బొబ్బలెక్కాయి.

"అవ్వా, గీడికెందుకొచ్చినవ్?" అని అరిచాను.

"నువ్వే గదా బిడ్డా! బాత్రూం ఎటంటే గిటు పొమ్మని చెయ్యి చూపెడితివి" అంది.

నిజమే. పాఠం వింటూ, తలెత్తకుండా చెయ్యి ఊపాను. అది వీధి తలుపు వైపు.

అవ్వను ఇంటికి తెచ్చి స్నానం చేయించాక చూస్తే నా ఫోన్ మంచం మీదే ఉంది. కంగారులో పట్టుకెళ్లనే లేదు. అది దగ్గర లేనిదే ఇయర్‌ఫోన్ పలకదు. ఆ పాఠం తర్వాత ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. అందులో చర్చి ఉంది, బ్యాంకు ఉంది, మిల్లు లేదు. మరి ఆ గొంతు ఎక్కడిదో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. అవ్వను ఆ కంపులోకి పంపిందెవరో మాత్రం తెలుసు.