సాంచాకూ పొయ్యికీ నడుమ గోడ

సిరిసిల్లలో మా అమ్మ ఇంటి ముందుగదిలో అడుగు పెడితే ఇప్పటికీ సాంచాల నూనె వాసన వస్తుంది. సాంచాలంటే మరమగ్గాలు, మా వైపు అందరం అట్లాగే అంటాం. అవి ఇంట్లోంచి వెళ్లిపోయి ఏళ్లయింది, గచ్చు కడిగి కడిగి అమ్మ చేతులు అరిగిపోయాయి, గోడలకు ఎన్నిసార్లు సున్నం వేయించామో లెక్కలేదు, అయినా ఎండాకాలం మధ్యాహ్నం నేల వేడెక్కిందంటే ఆ జిడ్డు వాసన మెల్లగా లేస్తుంది. మొన్న కోరుట్ల నుంచి నేనూ, జగిత్యాల నుంచి మా చెల్లె లతా వచ్చి, టేపు పట్టుకుని ఇల్లంతా కొలిచాం. అమ్మకు మోకాళ్లు పట్టేశాయి, కింద కూర్చుని వండలేకపోతోంది; దసరా లోపల ఆమె నిలబడి వండుకునే వంటిల్లు చేయించి తీరాలని ఇద్దరం పట్టుబట్టాం. వంటింటి సామాన్ల దుకాణం వాళ్లు ఇచ్చిన ఎస్టిమేటు చూస్తే నాకు కళ్లు తిరిగాయి. మెరిసే అరలట, మెత్తగా మూసుకునే సొరుగులట, పొగ పీల్చే చిమ్నీ అట! పెన్ను తీసి ఒక్కొక్కటే కొట్టేస్తూ కూర్చున్నాను. పైసా పైసా గీరడం నాకు ఒకరు నేర్పనక్కర్లేదు, ఆ తల్లి కడుపున పుట్టినదాన్ని.

మా చిన్నప్పుడు ఆ ఇల్లు మొత్తం ఒకటే పొడుగాటి గది. ముందు భాగంలో రెండు సాంచాలు, వెనక మూలన పొయ్యి, నడుమ అడ్డంగా ఒక పాత చీర. కరెంటు వచ్చిందంటే చాలు, బాపు, అంటే మా నాన్న, సాంచాలు నడిపేవాడు, వాటి మోతకు గిన్నెల మీది మూతలు గలగలలాడేవి, మేం ఒకరితో ఒకరం అరుచుకుంటూనే మాట్లాడుకునేవాళ్లం. బడిలో కూడా అదే గొంతుతో మాట్లాడి పంతులమ్మతో తిట్లు తిన్నాం. మోత సంగతి అట్లా ఉంచితే అసలు బాధ నూలు నుసి. పోగులనుంచి లేచిన తెల్లటి నుసి గాలిలో తేలుతూ, దూలాలకు వేలాడుతూ, పడుకుంటే కనురెప్పల మీద, వండితే కూరలో వాలేది. ఎండాకాలం పెట్టిన మామిడి తొక్కు జాడీకి రెండు బట్టలు కట్టినా లోపల వెంట్రుకంత పోగు తేలేది, వానాకాలం సర్వపిండి పెనం మీద కాలుతుంటే పైన నుసి మాడిన కమురు కొట్టేది, సద్దుల బతుకమ్మనాడు అమ్మ బెల్లం కలిపి పిసికిన మలీద ముద్దలకు చూస్తుండగానే తెల్లగా బొచ్చు పట్టేది. అందుకే మా ఇంట్లో ఎవరు ఏం నోట్లో పెట్టుకున్నా ముందు ఉఫ్‌మని ఊదాలి. బాపును కన్న మా బాపమ్మ అయితే మంచినీళ్లు కూడా ఊదే తాగేది. ఎల్లారెడ్డిపేటలో అమ్మ పుట్టింటికి వెళ్లినప్పుడు నేనూ లతా చల్లటి పెరుగన్నాన్ని ఊదుకుంటుంటే మా మేనమామలు పడి పడి నవ్వేవాళ్లు.

ఆ నవ్వులు లతకు దగ్గు పట్టేదాకానే. మొదట పడిశమనుకున్నాం, తర్వాత కోరింత దగ్గనుకుని బాపమ్మ కషాయాలు పోసింది. చలికాలం వచ్చేసరికి నాలుగేళ్ల పిల్ల ఊపిరి అందక, పక్కటెముకలు లోపలికి పోతూ, కూర్చునే నిద్రపోయేది. నాకు ఆమె పక్కన పడుకోవాలంటే భయమేసేది, పడుకోకపోతే ఇంకా భయమేసేది. దవాఖానలో డాక్టరు ఇంట్లో ఏం పని చేస్తారని అడిగి, ఆ నుసిలోంచి పిల్లను తప్పించకపోతే తన మందులు ఎన్ని పోసినా దండగేనన్నాడు. అమ్మ ఇంటికొచ్చి, లతను చంకలోంచి దించకుండానే పొయ్యి దగ్గర నిలబడి, తల ఎత్తి పెంకుల దాకా చూసింది.

"గీ నడుమ గోడ వెట్టాలె. మీది పెంకుల దాక," అంది బాపుతో. "పిల్ల వంటింట్ల పండుకుంటది."

గోడలు కట్టే సుతారి ఖాసిం వచ్చి లెక్క చెప్పాడు. అడ్డగోడ, పొగ పోవడానికి కిటికీ, పెరటి వైపు తలుపు, నిలబడి వండడానికి నల్లబండ పరిచిన గద్దె. గద్దె అమ్మ కోరిక. బాపుకు నూలు ఇచ్చి నేత కూలి కట్టే సేటు ఇంట్లో, ఆయన భార్య నిటారుగా నిలబడి చాయ్ కాచడం అమ్మ ఒకసారి చూసింది, ఆ ముచ్చట మాకు వందసార్లు చెప్పింది. పైసల సంగతి అడిగితే బాపు ఈ నెల కాదు వచ్చే నెల అన్నాడు. అమ్మ చేసేది బీడీలు. చేట ఒళ్లో పెట్టుకుని, మా జడలు వేస్తూ మధ్యలో, పప్పు ఉడికేలోపు, పక్కింటామెతో ముచ్చట పెడుతూ చుట్టేది. ఇదివరకు ఆ పైసలు కొంగులో ఉండేవి. సాంచాకు ఏదో ఒక సామాను విరిగేది, కొంగు ముడి విప్పక తప్పేది కాదు. ఇప్పుడు అమ్మ చుట్టిన బీడీలు కార్ఖానాలో అప్పజెప్పి, ఇంటికి రాకుండా నేరుగా ఇటుక బట్టీకి వెళ్లడం మొదలుపెట్టింది. కూలి చేతిలో పడ్డ రోజే అది ఇటికెలై రిక్షా మీద వచ్చేది. ఒకసారి కొంచెం ఇసుక, ఒకసారి అర బస్తా సిమెంటు, మిగతావన్నీ ఇటికెలే.

"పైసలుంటే సాంచా తింటది. ఇటికెలైతే ఎవ్వలు తినరు," అనేది.

పెరట్లో ఆ కుప్ప పెరుగుతుంటే మాకు పండుగే. దాని మీద రాజూ రాణీ ఆటలు, ఇటికె పొడితో ఉత్తుత్తి కారాలు, నూలు అయిపోయిన ఖాళీ కండెలతో బొమ్మల పెళ్లిళ్లు. లత ఆయాసపడకుండా కూర్చుని ఆడే ఆటలే ఆడాలని నాకు అమ్మ ఆజ్ఞ. బాపు ఒకనాడు సాంచా మోటారు కాలిందని కుప్పకేసి ఆశగా చూశాడు గానీ, ఒకసారి కొన్న ఇటికెలు తిరిగి అమ్ముతానంటే సగం ధర కూడా రాదని తేలింది. అమ్మ ఆ సాయంత్రం పాట పాడుకుంటూ బీడీలు చుట్టింది.

గోడ లేచింది. తలుపు పెరటి వైపు ఉండడంతో వంటింట్లోకి పోవాలంటే ఇల్లు చుట్టి రావాలి, బాపమ్మ దానికి రోజూ సణిగేది. గోడ ఆరగానే లత పరుపు లోపల వేశాం. గద్దె మాత్రం మిగిలింది, బండ కోసం అమ్మ మళ్లీ కూడబెట్టసాగింది. అప్పుడొచ్చి పడింది మేం ఎవరం అనుకోని చిక్కు. బాపు నూలు తేవడానికో, చాయ్ తాగడానికో బయటికి పోతే సాంచాలను కాసేది అమ్మే. అన్నం వార్చుతూనే ఒక కన్నూ ఒక చెవీ అటు ఉండేవి, పోగు తెగితే మోతలో తేడా పట్టి ఉరికేది. ఇప్పుడు కన్ను పోయింది. చెవికేమో మా సాంచా మోత ఏదో, పక్కింటి సాంచా మోత ఏదో తెలియకుండా పోయింది. ఒకనాడు పోగులు తెగి, గుడ్డ తాను నిండా జల్లెడలా కంతలు పడ్డా ఎవరికీ తెలియలేదు. సేటు ఆ గుడ్డను బాపు ముఖాన పడేసి కూలి మొత్తం కోశాడు.

బాపు ఇంటికి వస్తూనే గడ్డపార తీశాడు, గోడకు ఇంత బొక్క పెడితే సరిపోతుందన్నాడు. అమ్మ గోడకు వీపు ఆనించి నిలబడింది. నేను తలుపు పట్టుకుని ఏడుస్తున్నాను.

"బొక్కల నుంచి నుసి రాదా? నా బిడ్డ ఇప్పుడిప్పుడే మెల్లగ పండుకుంటున్నది. గోడ ముట్టకు," అంది అమ్మ. "చూసుడే గద నీకు కావలసింది? చూసుడుకు నేను తొవ్వ చేస్త."

మర్నాడు దవాఖానకు లతను తీసుకెళ్లినప్పుడు, మందులిచ్చే కాంపౌండరు అద్దం వెనక కూర్చుని ఉండడం అమ్మకు ఎప్పటిలా కాక కొత్తగా కనిపించిందట. తిరిగి వస్తూ అద్దాల దుకాణంలో ధర అడిగింది. గద్దె కోసం దాచిందంతా సరిగ్గా దానికే పోయింది. ఖాసిం గోడలో సందు లేకుండా ఆ అద్దం బిగించాడు, తెరవడానికి వీల్లేకుండా. అమ్మ పొయ్యి ముందు నేల మీదే కూర్చుని, తల ఎత్తి అద్దంలోంచి సాంచాలను కాచింది. మా పెళ్లిళ్లయ్యేదాకా, ఆ తర్వాత కూడా అట్లాగే కూర్చుంది. లత దగ్గు ఒక్క రోజులో పోలేదు, కానీ మరుసటి చలికాలం పడుకుని నిద్రపోయింది. నాకు అంతకన్నా సంతోషమైన చలికాలం మళ్లీ రాలేదు.

ఇప్పుడు మా వాడలో పగలు కూడా పిట్టల చప్పుడు వినిపిస్తుంది. సాంచాలను బాపు పోయేముందే తూకానికి అమ్మేశాడు, బీడీల చేట అటక మీద ఉంది, ఇటుక బట్టీ ఉన్నచోట బట్టల షాపు వెలిసింది. కొత్తగా వచ్చిన సుతారి అడ్డగోడ తీసేస్తే గద్దెకు చోటు, గాలి, వెలుతురు వస్తాయన్నాడు. ఇద్దరం ఒక్క గొంతుతో కుదరదన్నాం. గోడ ఉంచి గద్దె ఎట్లా పడుతుందో చూద్దామని నేను లెక్క మళ్లీ మొదటినుంచి వేయబోయాను. అమ్మ ఊరుకోలేదు.

"సాంచలే లేవు, నుసి ఏడికెళ్లి అస్తదే? పలగ్గొట్టుండ్రి. నేను నిలవడి వండుకోవాలె," అంది.

సుతారి అద్దం జాగ్రత్తగా ఊడదీసి, సుత్తితో మొదటి దెబ్బ వేశాడు. ఎర్రటి దుమ్ము భగ్గున లేచింది. నేను దగ్గుతూ వెనక్కి జరిగాను. మోకాళ్లు వంగని మా అమ్మ మంచం మీదనుంచి ఎప్పుడు లేచిందో, నన్ను దాటుకుని వెళ్లి, జగిత్యాల బడిలో గది దద్దరిల్లేలా పాఠం చెప్పే లత ముక్కునూ నోటినీ తన కొంగుతో గట్టిగా మూసింది.

"నువ్వు గీడ నిలవడకు బిడ్డా. అవుతలికి నడువు."

ఇద్దరు పిల్లల తల్లి లత ఎదురు చెప్పకుండా పెరట్లోకి నడిచింది. దుమ్మంతా అణిగేదాకా అమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడి, ఆమెను లోపలికి రానివ్వలేదు.