స్టిక్కరక్క అల్మారా తలుపు

మా అక్కని షాపులో అందరూ స్టిక్కరక్క అంటారు. అసలు పేరుతో పిలిచినవాళ్ళని నేనైతే చూడలేదు. ఊళ్ళోకెల్లా పెద్ద ఎలక్ట్రానిక్స్ షాపది. మూడంతస్తుల అద్దాల మేడ. దాని అడుగున, కస్టమర్లు కన్నెత్తి చూడని గోడౌన్ గదిలో మా అక్కకి ఒక బల్ల, ఒక స్టూలు, ఒక హెయిర్ డ్రయ్యరు ఉన్నాయి. ఇరవై రెండేళ్ళుగా ఆవిడ చేసే పని ఒక్కటే. పెట్టె మీదున్న నిజాన్ని పీకేసి, ఆ చోట షాపువాళ్ళు చెప్పిన అంకె అంటించడం. నేనిలా అంటే అక్కకి ఒళ్ళు మండుతుంది. "ఉద్యోగం చేస్తున్నానురా, దొంగతనం కాదు" అంటుంది. దొంగతనం ఆవిడది కాదని నాకూ తెలుసు. ఎవరిదో కూడా తెలుసు. నా కోపమంతా అదే.

ఫ్యాక్టరీ నుంచి వచ్చే ప్రతి పెట్టెకీ పక్కన అరచేయంత లేబుల్ ఉంటుంది. దాని మీద అయిదు చిన్న జెండాలు, ఒక్కో జెండా ఎదురుగా ఆ దేశంలో దాని ధర, కింద నల్లగీతల కోడు. ఆ అయిదింటిలో మన జెండా ఉండదు. మన ధర ఇక్కడే నిర్ణయిస్తారట. ఎవరు నిర్ణయిస్తారు, దేన్ని చూసి నిర్ణయిస్తారు అని మాత్రం అడగకూడదు. అక్క డ్రయ్యరుతో లేబుల్ మూలని వెచ్చబెట్టి, గోరు దూర్చి, ఒడుపుగా లాగుతుంది. చల్లగా ఉండగా లాగితే అట్ట లేచిపోతుంది, ఆ నష్టం ఆవిడ జీతంలోంచి కోస్తారు. లాగాక స్పిరిట్ గుడ్డతో తుడుస్తుంది. ఆవిడ తుడిచాక అక్కడ ఒకప్పుడు ఏదో ఉండేదని దేవుడు దిగొచ్చి చెప్పినా ఎవరూ నమ్మరు.

ఏ దేశపు డబ్బు మనకెంతో అక్కకి కంఠతా వచ్చు. కానీ ఆవిడ ధరని డబ్బులో చెప్పదు, రోజుల్లో చెబుతుంది. తను ఎన్ని రోజులు స్టూలు మీద కూర్చుంటే ఆ వస్తువు వస్తుందో, అన్ని రోజులు. "ఈ టీవీ చారల జెండా దేశంలో నలభై రోజులురా. మన దగ్గర తొంభై ఆరు. ఓడలో వచ్చేటప్పుడు దానికేమన్నా పిల్లలు పుట్టారా?" అని నన్నే నిలదీస్తుంది, ఆ ధర నేనేదో పెట్టినట్టు. నేను మోటార్లకి తీగ చుట్టుకు బతికేవాణ్ణి. ఏం చెప్పను?

మా బావ లెక్కల మాస్టారు. ఇంట్లో ముందుగదిలోనే ట్యూషన్ చెబుతాడు. నాలుగేళ్ళ క్రితం గొంతుకి ఆపరేషన్ అయ్యి మాట పోయింది. అప్పటి నుంచి ఆయన టాబ్లెట్‌లో టైప్ చేస్తే అది మన భాషలో పైకి చదువుతుంది. మొదట్లో పిల్లలు నవ్వారు. తర్వాత అలవాటు పడ్డారు, ఆ మెషిన్ గొంతునే "మాస్టారి గొంతు" అన్నారు. బావ వేళ్ళు మాటకంటే వేగంగా నడుస్తాయి. తిట్టడం కూడా దాంతోనే తిడతాడు. నన్ను "బావమరిదిగారూ, తమరి బుర్రలో తీగ తెగిందా?" అని అది ఏ రాగమూ లేకుండా అడుగుతుంటే నవ్వాపుకోలేక చచ్చేవాణ్ణి.

పదోతరగతి పరీక్షలు రెండు నెలలున్నాయనగా దాని బ్యాటరీ ఉబ్బి, తెర పైకి లేచి, మెషిన్ చచ్చిపోయింది. బాగుచెయ్యడానికి సామాను రావడం మానేసిందన్నారు. బావ బోర్డు మీద రాసి చెప్పడానికి చూశాడు. లెక్క రాయగలడు. కానీ వెనక బెంచీ పిల్ల "మాస్టారూ, ఆ రెండెక్కడి నుంచి వచ్చింది?" అంటే మళ్ళీ గోడవైపు తిరిగి రాయాలి. రాసి ఇటు తిరిగేసరికి నలుగురు వేరే మాటల్లో ఉంటారు. పన్నెండు మందిలో అయిదుగురు మానేశారు. అక్కని పిలవాలంటే గరిటెతో గ్లాసు కొట్టేవాడు. ఆ చప్పుడు వినబడితే అక్క మొహం మాడిపోయేది, కొట్టిన మనిషి మొహం అంతకన్నా.

కొత్త టాబ్లెట్ అక్క షాపులో అరవై ఒక్క రోజులు. పైన ఫీజులు: పాతబడ్డాక పారేసేందుకు ఇప్పుడే కట్టే ఫీజు, కార్డు గీసినందుకు ఫీజు, ఆన్ చేసి ఇచ్చినందుకు ఫీజు. వెరసి డెబ్బై రోజులు. "ఆన్ చేసినందుకు ఫీజేంటండీ? బటన్ నొక్కడం మాకు రాదా?" అని నేను సేల్స్‌మేన్ మీద లేచాను. ఆయన పాపం, "కంప్యూటర్‌లో అలా ఉందండీ" అన్నాడు. ఆ కంప్యూటర్ని కనిపెట్టినవాణ్ణి చూపిస్తే బావుండును.

ఎదురింటి నర్సు ఆ చారల దేశంలోనే పని చేస్తుంది. సెలవుకి వస్తూ తెస్తానంది. అక్కడ అదే టాబ్లెట్ మా అక్క లెక్కలో ఇరవై ఏడు రోజులు. "మరి అక్కడ నాలాగా స్టిక్కర్లు పీకే ఆవిడకి ఎన్ని రోజులమ్మా?" అని అక్క ఫోన్‌లో అడిగింది. నర్సు కాసేపు లెక్కవేసి, "నాలుగు రోజులక్కా" అంది. అక్క ఫోన్ పెట్టేసింది. నేనే గొంతు చించుకున్నాను. అదే పని, అదే పెట్టె. ఆవిడకి నాలుగు, మా అక్కకి డెబ్బై.

నర్సు తెచ్చింది. విమానం దిగిన చోట ఆఫీసరు పన్నేశాడు. కొన్న ధర మీద కాదు, ఇక్కడి ధర మీద! రసీదు చూపిస్తే, "రసీదులు ఎవరైనా రాసుకుంటారు" అని ఆ కాగితం ఉంచేసుకున్నాడట. ఆ పన్ను పద్నాలుగు రోజులు. అయినా మొత్తం నలభై ఒకటే కదా అని అక్క సర్దుకుంది. పెట్టె చేతికి రాగానే వంటగదిలోకి పట్టుకుపోయింది. వెనకాలే నేను వెళ్ళేసరికి ఇంటి డ్రయ్యరు చేతిలో ఉంది, లేబుల్ గోటి మీద ఉంది. అడగనక్కర్లేదు, చెయ్యి అలవాటు పడిపోయింది. పెట్టె అద్దంలా తుడిచేసి, లేబుల్ తీసుకెళ్ళి అల్మారా తలుపు లోపలివైపు అంటించింది.

ఆ తలుపు గురించి చెప్పాలి. షాపులో పీకిన లేబుళ్ళు చెత్తబుట్టలో వెయ్యాలి. అక్క కొత్త రకం వచ్చినప్పుడల్లా ఒకటి కొంగున దాచి తెచ్చి దాని మీద అంటించేది. పక్కన పెన్నుతో ఇక్కడి ధర రాసేది. టీవీలు, ఫోన్లు, కెమెరాలు, మిక్సీలు, ఒకదాని పక్కన ఒకటి, ఒకదాని మీద ఒకటి, ఇరవై రెండేళ్ళవి. ఎందుకని అడిగితే, "పారెయ్యడానికి చెయ్యి రావట్లేదురా. ఎవరో ఒకళ్ళు గుర్తుపెట్టుకోవాలి కదా" అంది.

టాబ్లెట్ ఆన్ అయింది. బావ టైప్ చేశాడు. అది నోరు విప్పలేదు. మన భాష గొంతు అందులో లేదు. ఏ దేశంలో అమ్మినదానికి ఆ దేశపు గొంతులేనట.

అక్క షాపు మొదటి అంతస్తులోనే కంపెనీ సర్వీస్ కౌంటరుంది. ముగ్గురం వెళ్ళాం. కౌంటరు అమ్మాయి మెషిన్ చూసి, "ఇది వేరే ప్రాంతానిదండీ. ప్రాంతం మార్చితే గొంతు వస్తుంది. దానికి ఫీజుంది" అని చెప్పింది. అక్క లెక్కలో ముప్పై మూడు రోజులు. ఇరవై ఏడు, పద్నాలుగు, ముప్పై మూడు. డెబ్బై నాలుగు! ఎదురుగా షెల్ఫ్‌లో అదే టాబ్లెట్ డెబ్బైకి నవ్వుతోంది. ఎన్ని గోడలు దూకి వెళ్ళినా ఆ ధర పెట్టినవాడు అవతలవైపు కుర్చీ వేసుకుని కూర్చునే ఉన్నాడు.

అంతటితో ఆగలేదు. గోరుచుట్టు మీద రోకటిపోటు. "పెట్టె మీద కోడు లేబులేది?" అంది అమ్మాయి.

"పీకేశానమ్మా" అంది అక్క.

"పీకితే మచ్చ ఉంటుంది మేడమ్. దీని మీద ఏ మచ్చా లేదు. అంటే అసలు లేబులే లేదు. ఇది నకిలీ మాలు. మేం ముట్టుకోం."

"మచ్చ పడకుండా పీకేదాన్ని నేనేనమ్మా. ఈ షాపులోనే. నీ కాళ్ళ కింద గదిలో."

ఆ అమ్మాయి అక్కని ఎగాదిగా చూసింది. ఒకే కప్పు కింద మూడేళ్ళుగా పనిచేస్తూ ఒక్కసారీ చూడలేదు. "లేబుల్ తీసుకురండి, చూద్దాం" అని మా వెనకవాళ్ళని పిలిచింది.

ఇంటికొచ్చాక అక్క తలుపు ముందు కూలబడింది. ఆ లేబుల్ని ఒకసారి పీకి అంటించాక మళ్ళీ పీకితే అడ్డంగా గీతలు తేలి చెల్లకుండా పోతుంది. ఆ సంగతి ఆవిడకంటే బాగా ఎవరికి తెలుసు? "లోకంలో ఇంకెవరైనా ఈ పని చేస్తారట్రా? నా చేత్తో నేనే ఆయన నోరు నొక్కేశాను" అని ఏడ్చింది. అక్క ఏడవడం నేను ఆపరేషన్ రోజున చూశాను, మళ్ళీ అప్పుడు చూశాను. నాకు ఏడుపు రాలేదు. స్క్రూడ్రైవర్ తెచ్చి తలుపు బందులు విప్పడం మొదలుపెట్టాను. బావ వచ్చి రెండోవైపు పట్టుకున్నాడు.

మూడు వీధులు మోసుకెళ్ళాం. ఆ వేళ షాపు కిటకిటలాడుతోంది. కౌంటరు ముందు తలుపు నిలబెట్టాం. "ఇదిగోనమ్మా లేబుల్. కింది నుంచి రెండో వరస, కుడిచివర" అంది అక్క. అమ్మాయి వంగి కోడు మీద స్కానర్ పెట్టింది. అది కుయ్‌మంది. అసలు మాలే.

ఈలోగా వెనకాల వరసలో నిలబడ్డవాళ్ళు మిగతావి చదువుతున్నారు. ఒక ముసలాయన కళ్ళజోడు పైకెత్తి, "ఏవమ్మా, నిన్న నేను కొన్న రేడియో ఇదేనా? పక్కన రాసిందేమిటి?" అన్నాడు. అక్క చెప్పింది. అడిగినవాళ్ళందరికీ చెప్పింది, డబ్బులోనూ చెప్పింది, రోజుల్లోనూ చెప్పింది. జనం మూగారు. ఫ్లోర్ మేనేజర్ మెట్లు దిగి పరిగెత్తుకొచ్చాడు. తలుపు చూసి దొంగకి తేలు కుట్టినట్టు నిలబడిపోయాడు.

"ముందు దీన్ని బయటికి తియ్యండి" అన్నాడు గొంతు తగ్గించి.

"గొంతు పెట్టించుకుని పోతాం సార్" అంది అక్క.

"ఫీజు?"

"అదీ ఇక్కడే, వీళ్ళందరి ముందే మాట్లాడుకుందాం."

మేనేజర్ అటూ ఇటూ చూశాడు. "ఫీజు కొట్టెయ్. రసీదు ఇచ్చి పంపించెయ్" అన్నాడు అమ్మాయితో. ముప్పై మూడు రోజుల ఫీజు ఒక్క మాటతో పోయింది! అంటే అది దేనికీ అయ్యే ఖర్చు కాదన్నమాట. అడిగే నాథుడు లేక వసూలు చేస్తున్నారంతే. అప్పుడు నా ఒంట్లో పుట్టిన మంట ఇవాళ్టికీ చల్లారలేదు.

పదినిమిషాల్లో గొంతు ఎక్కింది. అమ్మాయి మెషిన్ బావ చేతికిచ్చి, "ఏదైనా టైప్ చేసి చూడండి సార్" అంది. నలభై రోజుల తర్వాత బావ వేళ్ళకి గొంతు దొరికింది. శబ్దం చివరిదాకా పెంచాడు.

"పిల్లలూ, లెక్క రాసుకోండి," అంది మెషిన్, రాగం లేకుండా, హాలంతా వినబడేలా. "పెట్టె ఒకటే. ధరలు అయిదు. మన ధర ఆరోది. తేడా ఎవరి జేబులోకి వెళ్ళింది? తెలిసినవాళ్ళు చెయ్యెత్తండి."

ఎవరూ నవ్వలేదు. ముసలాయన నిజంగానే చెయ్యెత్తాడు. ఆ ఎత్తిన చేతిని మేనేజర్ వైపు తిప్పాడు.

"ఆపమను! ముందా మెషిన్ ఆపమను!" అని మేనేజర్ అక్క మీద అరిచాడు.

"ఆ నోరు తెరిచింది మీరే కదా సార్. రసీదు కూడా ఇచ్చారు" అంది అక్క.

"రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు."

అక్క మొహం పాలిపోయింది. ఇరవై రెండేళ్ళ ఉద్యోగం అరక్షణంలో పోయింది. చేతులు రెండూ ముందుకు చాచి వేళ్ళకేసి చూసుకుంది, స్పిరిట్‌కి తోలు ఊడిపోయిన వేళ్ళు. ఎవరైనా ఏదో ఒకటి అంటారని నేను వరసకేసి చూశాను. అందరూ తలలు దించుకుని తమ పెట్టెలకేసి చూసుకుంటున్నారు. ఛీ అనిపించింది.

బావ మళ్ళీ టైప్ చేశాడు. శబ్దం తగ్గించి, మెషిన్ని అక్క చెవి దగ్గర పెట్టాడు. పక్కనే ఉన్నాను కాబట్టి నాకూ వినబడింది.

"పద, ఇంటికెళ్దాం. మానేసిన పిల్లలు అయిదుగురినీ పిలవాలి."