కాలిన్ గారి బీరులో నా బెల్లం

ముందే చెప్పేస్తున్నాను. ఇది చదివాక మీరు నన్ను భోజనానికి పిలిస్తే పిలుస్తారేమోగానీ వంటగదిలోకి మాత్రం రానివ్వరు. ఒక పెద్దమనిషి కంటికి రెప్పలా కాచుకున్న సరుకుని ఆయన బజారుకెళ్లి వచ్చేలోగా తగలేసి, అదీ చాలక గొప్ప మేలు చేశానన్న సంబరంతో రెండు వారాలు హాయిగా నిద్రపోయినదాన్ని నేను. సాధారణంగా ఘోరాలు చేసినవాళ్లకి నిద్ర పట్టదంటారు. నాకు గురక కూడా వచ్చిందట. మా ఆయన సాక్ష్యం.

అప్పటికి మేము వెల్లింగ్టన్ పక్కనున్న లోవర్ హట్‌కి వచ్చి ఏడాది కూడా కాలేదు. నేనొక వృద్ధుల హోంలో నర్సుని. మా ఆయన ప్రభాకర్ పొద్దున్నే రైలెక్కి వెల్లింగ్టన్‌లో ఆఫీసుకి వెళ్లి సాయంత్రానికి వస్తారు. పక్కింట్లో కాలిన్ గారు ఉండేవారు. రైలు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. భార్య పోయింది. ఒక్కతే కూతురు హేలీ, క్రైస్ట్‌చర్చ్‌లో ఉంటుంది. ఈ దేశంలో పెద్దవాళ్లని కూడా పేరు పెట్టి పిలవాలి కాబట్టి ఎదురుగా "కాలిన్" అనేదాన్ని. ఆ "గారు" మాత్రం గొంతులోనే మింగేదాన్ని. నా పేరు సుజాత. ఆయన నోట్లో అది "సూ" దగ్గరే ఆగిపోయింది.

ఆయన మాకు చేసిన ఉపకారాలు ఒకటా రెండా! మా పైకప్పు కారితే నిచ్చెనేసుకుని వచ్చేవారు. నాకు డ్రైవింగ్ నేర్పింది ఆయనే. "సూ, రౌండబౌట్ దగ్గర ఆగడం మంచిదే. కానీ అక్కడ ప్రార్థన మొత్తం పూర్తిచెయ్యనక్కర్లేదు" అనేవారు, వెనకాల బారులు తీరిన కార్లని అద్దంలో చూస్తూ. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. దానికి బదులుగా నేను ఇవ్వగలిగింది వంటే. పులిహోర పంపేదాన్ని, గోంగూర పచ్చడి పంపేదాన్ని. ఆ గోంగూరని ఆయన కాల్చిన బ్రెడ్డు మీద వెన్నతోపాటు రాసుకుని తినేవారు. ఆ దృశ్యం చూసి మా ఆయన రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

"ఇంత పులుపుని ఇంత బాగా పట్టుకోవడం ఎక్కడ నేర్చుకున్నావు సూ? నీ నాలుక సామాన్యమైంది కాదు" అనేవారు కాలిన్ గారు. నేను పొంగిపోయేదాన్ని. ఈ కథలో అపాయమంతా ఆ పొగడ్తలోనే మొదలైంది.

ఆయన తన గరాజ్‌లో బీరు కాచేవారు. అమ్మడానికి కాదు, సరదాకి. ఏడాదికొకసారి, వేసవి చివర్లో, ఒక "స్పెషల్" బీరు చేసి తనలా ఇంట్లో బీరు కాచేవాళ్ల క్లబ్ మిత్రులని పెరట్లోకి పిలిచేవారు. ఆ స్పెషల్‌లో స్పెషల్ ఏమిటో నాకు చెప్పలేదు. జీవితమంతా ఇంజన్‌లో ఒక్కరే కూర్చుని గడిపిన మనిషి కదా, చెప్పాల్సిన మాటల్లో సగం ఆయన కడుపులోనే ఉండిపోతాయి. ఇక నా సంగతి అంటారా? మా నాన్నగారు చర్చిలో సంఘపెద్ద. మా ఇంట్లో సీసా అంటే దగ్గుమందు సీసాయే. బీరు ఎలా ఉండాలో నాకెంత తెలుసో, రైలు ఎలా నడపాలో కూడా అంతే తెలుసు.

ఆ ఏడాది చలికాలంలో కాలిన్ గారికి ఏదో వైరస్ జ్వరం వచ్చి తగ్గింది. జ్వరం పోతూపోతూ ఆయన ముక్కునీ నాలుకనీ తీసుకుపోయింది. కాఫీ వాసన లేదు, కోసిన గడ్డి వాసన లేదు. ఏం తిన్నా అట్టముక్క నమిలినట్టే. నా గోంగూర కూడా! ఆ మాట చెప్పినప్పుడు ఆయన కళ్లు చూడలేకపోయాను. నెలలు గడిచినా వాసన తిరిగి రాలేదు. అయినా అలవాటు చొప్పున ఆ ఏడూ స్పెషల్ బీరు కాచారు.

ఒక శనివారం మధ్యాహ్నం గోడ మీంచి పిలిచారు.

"సూ, కాసేపు నీ నాలుక కావాలి. వస్తావా?"

గరాజ్‌లో బల్ల మీద, నడుము ఎత్తున, కొళాయి ఉన్న ప్లాస్టిక్ డ్రమ్ము. కాలిన్ గారు చిన్న గాజు గ్లాసులో కాస్త పట్టి ఇచ్చారు. లేత పసుపు రంగు, కొంచెం మసక.

"నాకేమీ తెలియట్లేదు. నువ్వు రుచి చూసి నిజం చెప్పు. బాగోలేకపోతే మొత్తం పారబోసి ఈ సామానంతా అమ్మేస్తాను. వాసన తెలియనివాడు బీరు కాయడం ఏమిటి, నవ్వుతారు" అన్నారు.

మనసులో నాన్నగారికి క్షమాపణ చెప్పుకుని ఒక గుక్క తాగాను.

ఏం చెప్పమంటారు! దవడలు రెండింటినీ ఎవరో తడిగుడ్డని పిండినట్టు పిండారు. కుడికన్ను దానంతటదే మూసుకుంది. పచ్చి చింతకాయ, పుల్లమజ్జిగ, నిమ్మ ఉప్పు మూడూ కలిసి నా నోట్లో ధర్నాకి దిగాయి. అది కాస్త సర్దుకునేలోగా వెనకాలనుంచి కాకరకాయ ముక్క కొరికినట్టు చేదు. నా అసామాన్యమైన నాలుక వెంటనే తీర్పు చెప్పింది: పులిసిపోయింది. పైగా మాడింది కూడా.

ఎదురుగా కాలిన్ గారు గ్లాసు వైపు కాదు, నా మొహం వైపు చూస్తున్నారు, స్కానింగ్ రిపోర్టు కోసం ఎదురుచూసే పేషెంటులా.

"ఎలా ఉంది?"

"బ్రహ్మాండంగా ఉంది కాలిన్!" అన్నాను, మూసుకున్న కన్ను తెరవడానికి అవస్థ పడుతూ.

"పుల్లగా ఉందా?"

అయ్యో పాపం, ఆయనకీ అనుమానం వచ్చిందన్నమాట! నర్సుని కదా, ధైర్యం చెప్పడం నా వృత్తి.

"అబ్బే, పులుపా? ఒక్క చుక్క కూడా లేదు!"

"కొంచెమైనా?"

"నామమాత్రంగా కూడా లేదు. తేనెలా ఉంది."

ఆయన మొహం వాడిపోయింది. మెల్లగా స్టూలు మీద కూర్చున్నారు. నా అబద్ధం పసిగట్టేశారనుకున్నాను. ఎంత దీక్షగా అబద్ధమాడినా నమ్మకపోతే ఎవరు మాత్రం ఏం చేస్తారు?

"సరే. సీసాల మూతలు తక్కువయ్యాయి, వెళ్లి తెస్తాను. నువ్వుంటే సీసాల్లో పోయడానికి సాయం చేద్దువుగాని" అని, వంగిన భుజాలతో కారెక్కి వెళ్లిపోయారు.

నేనూ ఆ డ్రమ్మూ మిగిలాం. పాఠకులారా, నా స్థానంలో మీరుంటే ఏం చేసేవారు? పులుసులో పులుపెక్కువైతే ఏం చేస్తాం? అదే చేశాను! ఇంటికి పరిగెత్తాను. ఇండియన్ షాపులో కొన్న నల్లబెల్లం అచ్చు ఉంది, మా వాకిట్లో తలుపుకి అడ్డం పెట్టుకోగలిగినంత. దాన్ని దంచి, కాసిని వేణ్నీళ్లలో మరగబెట్టి, వడగట్టి, చల్లార్చి, తెచ్చి ఆ డ్రమ్ములో పోసి పొడుగాటి గరిటెతో కలిపాను. రుచి చూశాను. ఆహా! ఇప్పుడు మనిషి తాగేలా ఉంది. ఇంకాస్త యాలకుల పొడి పడితే బాగుండుననిపించింది గానీ అంత చొరవ తీసుకోకూడదని ఆగాను.

కాలిన్ గారు మూతలతో వచ్చారు. గోధుమరంగు ప్లాస్టిక్ సీసాల్లోకి బీరు పడుతూ ఒక్కో సీసాలో ఒక్కో చెంచా పంచదార వేశారు. ఆ సీసాల రంగులో బీరు రంగు ముదిరిన సంగతి ఆయన కంట పడలేదు.

"పంచదార ఎందుకు?" అన్నాను.

"గ్యాస్ పుట్టడానికి. లోపల ఈస్ట్ ఇంకా బతికే ఉంటుంది. ఈ కాస్తా తిని బుడగలు చేస్తుంది. కొలత మాత్రం దాటకూడదు" అన్నారు.

ఆ ఆఖరి మాట నా చెవులదాకా వచ్చింది, లోపలికి వెళ్లలేదు. నేను విన్నదల్లా ఆయన కూడా తీపి వేస్తున్నారనే. అంటే నేను చేసింది సరైన పనే! మేలు చేసి చాటుకోవడం నాకు నచ్చదు కాబట్టి మా ఆయనకి కూడా చెప్పలేదు.

రెండు వారాలు ఎండలు బాగా కాశాయి. కాలిన్ గారు మధ్యలో ఒకసారి "సూ, సీసాలు రాళ్లలా గట్టిపడ్డాయి, అడుగులు ఉబ్బి నిలబడనంటున్నాయి" అన్నారు. "వేడి చేసుంటుంది" అన్నాను, నర్సు హోదాలో.

పార్టీ రోజు వచ్చింది. హేలీ విమానంలో వచ్చింది. క్లబ్ మిత్రులు ఓ అరడజను మంది వచ్చారు. వాళ్లలో మీసాల బ్రూస్ అనే ఆయన బీరు రుచి చెప్పడంలో దిట్టట. అందరూ పెరట్లో కూర్చున్నాక కాలిన్ గారు లేచి గొంతు సవరించుకున్నారు.

"ఈసారి స్పెషల్ కుదరలేదు. పులుపు రాలేదట. క్షమించండి. బహుశా ఇదే నా ఆఖరి బీరు."

పులుపు రాలేదని క్షమాపణ ఏమిటా అని నేను ఆలోచిస్తూ ఉండగానే ఆయన మొదటి సీసా మూత తిప్పారు.

బుస్సుమంది! మూత ఎటు పోయిందో దేవుడికెరుక. నురగ గరాజ్ కప్పంత ఎత్తుకి స్తంభంలా లేచి, అక్కడినుంచి దిగుతూ కాలిన్ గారి మొహాన్ని నిండా కడిగేసింది. "ఆగండి, ఇది బాగుంటుంది" అంటూ బ్రూస్ ఇంకోటి తెరిచారు. ఆయన మీసాలు రెండూ రెండు దిక్కులకి పోయాయి. సాయం చేద్దామని మా ఆయన మూడో సీసా తెరిచి, దాని మూతిని బొటనవేలితో నొక్కిపట్టారు. దాంతో అది తోటకి నీళ్లు పెట్టే గొట్టమైంది. ఆయన ఎటు తిరిగితే అటు జనం తడిశారు.

"ఏవండీ, కింద పెట్టండి!"

"పెడితే నామీద పడుతుందే!"

ఆ గోలలో కాలిన్ గారు మాత్రం కదల్లేదు. కనుబొమల మీంచి నురగ కారుతుంటే, నిటారుగా నిలబడి, గట్టిగా ఊపిరి పీల్చారు. మళ్లీ పీల్చారు.

"ఉండండి. ఎవరూ మాట్లాడకండి" అన్నారు.



"ఏదో... ఏదో వాసన వస్తోంది."

హేలీ చేతిలో ఉన్న పళ్లెం గడ్డిలో పడింది. "డాడ్?"

"నిజంగానే. సన్నగా వస్తోంది. మాడిన పంచదార పాకంలా."

ఆ పిల్ల పరిగెత్తుకెళ్లి ఆ తడిచొక్కాలోనే తండ్రిని వాటేసుకుంది. ఏడుస్తోంది, నవ్వుతోంది. బ్రూస్ మీసాలు తుడుచుకునే వంకతో కళ్లు తుడుచుకున్నారు. నాకూ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మనసులో స్తోత్రం చెప్పుకుంటున్నాను కూడా. అప్పుడు కాలిన్ గారు కూతురి భుజం మీంచి తలెత్తి నెమ్మదిగా అన్నారు.

"కానీ, నా బీరులో పాకం ఎక్కడిది?"

సరిగ్గా అప్పుడే, వేళ్లు నాక్కుంటున్న మా ఆయన ఊరంతా వినిపించేలా తెలుగులో అన్నారు: "సుజీ, ఇది మన బెల్లం వాసన కదూ?"

"ఏమన్నాడు?" అన్నారు కాలిన్ గారు.

అబద్ధమాడే ఓపిక నాకు లేకపోయింది. పులిసిపోయిందనుకున్నానని, చెప్పడానికి మనసొప్పలేదని, అచ్చు మొత్తం పోశానని చెప్పేశాను. అచ్చు ఎంత ఉంటుందో చేతులతో చూపించేసరికి బ్రూస్ ఒక అడుగు వెనక్కి వేశారు. ఈలోగా హేలీ ఎగిరిపోగా మిగిలిన బీరుని జగ్గులోకి వంపి అందరికీ తలా కాస్త పోసింది. బ్రూస్ ఒక గుక్క తాగి కళ్లు చిట్లించారు.

"కాలిన్! పులుపు రాలేదన్నావు, ఇంత చక్కటి పులుపు నువ్వెప్పుడూ కాయలేదు!"

ఈస్ట్ మహాతల్లి నా బెల్లంలో తీపంతా తినేసి, వాసన మాత్రం ఉంచి, పులుపుని ఎక్కడున్నది అక్కడే వదిలిందన్నమాట. కాలిన్ గారు నావైపు తిరిగారు.

"సూ, అది పుల్లటి బీరు. పుల్లగా ఉండటమే దాని పని. పెరుగుకి తోడు పెట్టే జాతి బాక్టీరియానే వేసి కావాలని పులియబెట్టాను. నువ్వు ఒక్క చుక్క పులుపు లేదన్నావు."

"మీరు బాధపడతారని."

"పులుపు లేదన్నందుకే బాధపడ్డాను. రెండు వారాలు!"

ఇక తిడతారనుకున్నాను. ఆయన కుర్చీలో కూలబడి నవ్వడం మొదలుపెట్టారు. ఆ నవ్వు అందరికీ అంటుకుంది. నవ్వీ నవ్వీ నాకు గ్లాసు అందించి, "ఇప్పుడు తాగు. ఈసారి నిజం చెప్పు. మొదటి గుక్కకి నోరు పోట్లాడుతుంది. పోట్లాడనీ. రెండో గుక్క నెమ్మదిగా తాగు" అన్నారు.

తాగాను. పులుపు వచ్చింది. కానీ పులుపని తెలిసి తాగితే అది వేరే సంగతి. చింతచిగురు తుంపి నోట్లో వేసుకున్నట్టుంది. దాని వెనకాల దబ్బకాయ తొక్కని గోటితో గిల్లితే గుప్పుమనే వాసన. ఆ వాసన హాప్స్ అనే పువ్వులదట, నేను మాడిందనుకున్న చేదూ వాటిదేనట. ఆ చేదు నోటిని కడిగేసి ఇంకో గుక్కకి జాగా చేసింది. ఇదంతా గట్టిగా చెబుతూనే ఉన్నాను. చింతచిగురంటే ఏమిటో, దబ్బకాయంటే ఏమిటో ఆయనకి తెలియదు. అయినా కళ్లు మూసుకుని, గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, నేను చెప్పే ఒక్కో మాటకీ తలూపుతూ వెతుక్కున్నారు.

వాసన ఆయనకి ఒక్కసారిగా తిరిగి రాలేదు. వస్తూ పోతూ, నెలల మీద సగానికి పైగా వచ్చింది. రావలసిన సమయానికి వచ్చిందంటుంది హేలీ. నా బెల్లమే లాక్కొచ్చిందంటారు కాలిన్ గారు. నర్సుగా నాకు హేలీ చెప్పిందే నిజమని తెలుసు. అయినా ఆ పెద్దాయన అలా అన్న ప్రతిసారీ నేను కాదనను. తన బీరు పాడుచేసినదాన్ని పట్టుకుని, తన ముక్కుని తెచ్చిచ్చిందని అందరికీ పరిచయం చేసే పక్కింటాయన ఎంతమందికి దొరుకుతారు? సామాను అమ్మలేదు. ఇప్పటికీ కాస్తూనే ఉన్నారు. రుచి చూడటానికి నన్నే పిలుస్తారు. నేను లోపలికి వెళ్లగానే నా రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయో లేదో చూసి మరీ గ్లాసు ఇస్తారు.

కాబట్టి పాఠకుల సమక్షంలో గంభీరంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట అడక్కుండా పరాయివాళ్ల డ్రమ్ములో బెల్లం గానీ, పంచదార గానీ, తేనె గానీ వెయ్యను. ఏదైనా నచ్చకపోతే తప్పు నా నాలుకదేమోనని ఇంకో గుక్క తాగి చూస్తాను. అప్పటికీ నచ్చకపోతే మరో గుక్క. తీర్పు చెప్పడానికి తొందరపడను. ఈ ప్రమాణాన్ని ఎంత నిష్ఠగా పాటిస్తున్నానంటే, ఈమధ్య ప్రతి శనివారం మా ఆయన పక్కింటికి వచ్చి, నా చెయ్యి పట్టుకుని జాగ్రత్తగా ఇంటికి నడిపించుకుపోతున్నారు.