సీసాలో నల్లసామ

నాకు ఇప్పటికీ స్పిరిటు వాసన తగిలితే ఒళ్లు మండుతుంది. ఇంజెక్షను ఇవ్వడానికి నర్సు దూది తడిపితే చాలు, మొహం పక్కకి తిప్పేసుకుంటాను. సూదికి భయమనుకుంటారు. ఇంత వయసొచ్చినా ఈయనకి భయం పోలేదని నవ్వుకుంటారు కూడా. నవ్వుకోనీ. ఎంతమందికని చెప్పను?

యాభైల మొదట్లో వృక్షశాస్త్రంలో పై చదువు చదువుతూనే అదే డిపార్టుమెంటులో అసిస్టెంటుగా చేరాను. ఏ విశ్వవిద్యాలయం, ఏ ఊరు అన్నది రాయను. పొద్దున్న పాఠాలు, మధ్యాహ్నం నుంచి ప్రొఫెసరు గారి కింద పని. నాకంటే మార్కులు ఎక్కువ వచ్చినవాళ్లు ముగ్గురున్నారు. అయినా ఉద్యోగం నాకే ఇచ్చారు. ఎందుకంటే మా నాన్నది ముంచింగిపుట్టు సంతలో దుకాణం. మైదానం నుంచి కొండెక్కి, ఉప్పు, కిరసనాయిలు, పొగాకు అమ్ముతూ, వలిసెలనే నూనెగింజలు, చింతపండు, పసుపు కొంటూ బతికేవాడు. నేను పుట్టి పెరిగింది అక్కడే కాబట్టి కొండవాళ్ల మాట నాకు బాగా వచ్చు. ఇంటర్వ్యూలో ప్రొఫెసరు గారు మొక్కల గురించి ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. వాళ్లతో మాట్లాడగలవా అని మాత్రం అడిగారు. మాట్లాడగలనన్నాను. అయితే రేపట్నుంచి రమ్మన్నారు. ఎగిరి గంతేశాను. వాళ్లకి కావలసింది నేను కాదు, నా నాలుక అని అప్పుడు తట్టలేదు.

మొదటి నెలంతా నాకు నేర్పిన పని ఒక్కటే, విషం పెట్టడం. ఎండబెట్టిన మొక్కల్ని ఊరికే దాస్తే పురుగు తినేస్తుంది. అందుకని పాదరసంతో చేసిన ఒక తెల్లటి విషపు పొడిని స్పిరిటులో కరిగించి, మొక్కని అందులో ముంచి, అద్దుడు కాగితాల మధ్య ఆరబెట్టి, అట్టకి అంటించి, చీటీ రాయాలి. ఇనప పట్టుకారు పనికిరాదు, ఆ మందు ఇనుముని కూడా తినేస్తుంది. వెదురు పట్టుకారుతో పట్టుకోవాలి. ప్రొఫెసరు గారే పక్కన నిలబడి నేర్పారు. నేర్పడంలో ఆయనకి వంక పెట్టలేను. నెల తిరిగేసరికి నా గోళ్లు బూడిద రంగుకి తిరిగాయి. నేను చేసిన అట్ట మీద చీమ కూడా వాలదని అందరికీ చెప్పుకుని మురిసిపోయేవాణ్ణి. మురిపెం కాదూ!

పుష్యమాసంలో డిపార్టుమెంటు జీపులో అరకు మీదుగా మా ఊరు తీసుకెళ్లారు. ముంచింగిపుట్టు బంగళాలో మకాం. కొండవాళ్లు పండించే గింజల మీద వ్యాసం రాయాలని ప్రొఫెసరు గారి ఆశ. రెండు రోజులు తిరిగాక, ఇవన్నీ ఇదివరకే ఎవరో ఒకరు రాసేసినవేనని విసుక్కున్నారు. అప్పుడు నోరు జారింది నేనే. నల్లసామ అని ఒకటుందండీ, దాని గురించి ఎవరూ రాసి ఉండరు అన్నాను. ఆయన కళ్లు మెరిశాయి. ఆ ఒక్క మాట అనకుండా ఉంటే ఇవాళ నాకు ఇది రాయాల్సిన పనే లేదు.

ఆ నల్లసామ సంతకి రెండు మైళ్ల దూరంలో ఒక కొండ ఊళ్లో, ఒకే ఒక్క ఇంట్లో ఉండేది. ఆ ఇంటావిడ ప్రతి సంతకీ వలిసెలు తెచ్చి మా దుకాణంలో పోసేది. నేను అప్పా అని, అంటే అక్కా అని, పిలిచేవాణ్ణి. చిన్నప్పుడు మన్యం జ్వరం వచ్చి నాకు అన్నం సయించనప్పుడు మా అమ్మ నన్ను ఆవిడ ఇంటికే పంపేది. ఆకుదొప్పలో నల్లసామ అంబలి పోసి తాగించేది అప్ప. ఆ గింజ ఆమె పెళ్లినాడు పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. తర్వాత వరసగా వానల్లేక ఆ పుట్టింటి ఊళ్లోనే అది నశించిపోయింది. ఇంక మిగిలింది అప్ప దగ్గరే.

దాని గొప్పతనమేమిటంటే అది బేగి పండుతుంది. మిగతా సామలు, చోళ్లు అనే రాగులు దసరా దాటితే గాని చేతికి రావు. నల్లసామ భాద్రపదంలోనే కోతకొస్తుంది. భాద్రపదం అంటే కొండ మీద ఆకలి నెల. గాదెలు ఊడ్చేసి ఉంటాయి. లేనివాళ్లు మామిడి టెంకల్లో జీడి తీసి, నానబెట్టి, దంచి, ఆ పిండితో అంబలి కాచుకుంటారు. అప్ప ఇంట్లో ఆ నెల నల్లసామ అంబలి ఉడికేది. చుట్టుపక్కల నాలుగిళ్లవాళ్లు కూడా ముంతలు పట్టుకుని వచ్చేవారు.

నేను వెళ్లి పిడికెడు గింజలు అడిగితే అప్ప మారు మాట లేకుండా ఇచ్చింది. తీసుకెళ్లి చూపిస్తే ప్రొఫెసరు గారు పెదవి విరిచారు. ఇవి ఏ మూలకొస్తాయయ్యా, ఉన్నదంతా పట్రా, మన తోటలో వేసి పదింతలు చేసి ఇస్తామని చెప్పు అన్నారు. నేను నమ్మాను. నిజంగా నమ్మాను. పదింతలంటే ఆ ఊరంతటికీ సరిపోతుందని లెక్క కూడా వేసుకున్నాను.

మర్నాడు పొద్దున్నే మళ్లీ వెళ్లాను. పొయ్యి మీద దూలానికి వేలాడుతోంది నల్లసామ విత్తనం దాచిన బుర్ర, ఎండిన ఆనపకాయ బుర్ర. మూతికి బూడిద కలిపిన మట్టి పూసి ఉంది. ఏడాది పొడుగునా పొగ తగులుతూ నల్లగా నిగనిగలాడుతోంది. విత్తనం అక్కడ అమ్మరు. ఆడవాళ్లు ఒకరికొకరు బదులిచ్చుకుంటారు, అంతే. తీసుకున్నది చైత్రంలో గింజల పండక్కి ముందే తిరిగి చేరాలి. ఆ రోజు ప్రతి ఇంటి ఆడమనిషీ తన విత్తనం పట్టుకుని ఊరి దేవత రాళ్ల దగ్గరికి వెళ్లాలి. ఏం తెచ్చావని పూజారి అడుగుతాడు. గింజ పేరు చెప్పాలి. అలా చెప్పిన గింజే ఆ ఏడు నేలలో పడుతుంది.

ఉన్నదంతా ఇమ్మని, పదింతలు చేసి తెచ్చిస్తామని అడిగితే అప్ప బుర్ర వంక చూసింది. తర్వాత నా వంక తిరిగింది.

"నువ్వు సావుకారి గుంటడివి. మీ ఇంటికొచ్చిన గింజ ఎప్పుడూ వెనక్కి రాలేదు. అయినా నా సేత్తో అంబలి తాగినోడివి. సైత్రంలోపల తెత్తావా?"

తెస్తానప్పా అన్నాను. ఆమె తాడు విప్పి బుర్ర నా చేతుల్లో పెట్టింది. బదులుగా ఏమీ అడగలేదు.

పట్నం వచ్చాక, ఆ ప్రయాణంలో తెచ్చినవన్నీ మందులో ముంచమని ప్రొఫెసరు గారి హుకుం. బుర్ర కూడానా అని అడిగాను. ఏం, దానికేమైనా కొమ్ములున్నాయా అన్నారు. అది తోటలో వెయ్యడానికి కదండీ, తిరిగి ఇవ్వాలి కదండీ అని నసిగాను. మందు పైపొట్టుకే అంటుతుంది, లోపలి గింజకేం కాదు, చెప్పిన పని చెయ్యి అన్నారు.

నాకు తెలుసు. పురుగుల్ని చంపే మందుకి గింజ బతుకుతుందా? దుకాణంలో పుట్టినవాణ్ణి, పురుగు మందు ఎలాంటిదో నాకు తెలియదా? తెలిసీ గంగిరెద్దులా తలూపాను. ఉద్యోగంలో చేరి అప్పటికి రెండు నెలలు. వెనకాల ముగ్గురు కాచుక్కూర్చున్నారు. నా మెతకతనానికి ఇన్ని సాకులున్నాయి, ఒక్కటీ పనికొచ్చేది కాదు. మూతి మట్టి నేనే పగలగొట్టాను. గింజలు నేనే వంపాను. ఒక పూటంతా మందులో నానబెట్టి, ఆరబోసి, మూడు సీసాలకెత్తి, మూతలు బిగించాను. సీసాల చీటీ మీద సేకరించినవారు అన్న చోట ప్రొఫెసరు గారు తన పేరు నా చేత రాయించారు. అప్పుడు మనసు చివుక్కుమంది. ఇప్పుడు ఆలోచిస్తే, అక్కడ నా పేరు లేనందుకు బతికిపోయాననిపిస్తుంది.

తోట సంగతి అడిగితే చూద్దాంలే అనేవారు. మాఘమాసం వెళ్లిపోయింది. ఎవరో పెద్దమనిషి చూడ్డానికి వస్తున్నాడని తోటంతా క్రోటన్లూ చామంతులూ వేసేశారు. సీసాలోంచి ఇరవై గింజలు తీసి, హాస్టలు గదిలో మంచం కింద తడిగుడ్డలో వేశాను. వారం చూశాను. ఒక్కటీ మొలవలేదు. మళ్లీ యాభై వేశాను. అవీ అంతే. మామూలుగా చచ్చిన గింజకి బూజైనా పడుతుంది. వీటికి బూజు కూడా పట్టలేదు. నా పని అంత శుభ్రంగా ఉంది మరి!

ఆ గుడ్డ పట్టుకెళ్లి ప్రొఫెసరు గారి బల్ల మీద పరిచాను. ఆయన ఓసారి చూసి, మళ్లీ కాగితాల్లో తల పెట్టారు. దారిలో ఏ సంతలోనో సామలు కొని ఆ బుర్రలో పోసి ఇచ్చెయ్యమన్నారు.

"వాళ్లకేం తెలుస్తుందయ్యా?"

అప్పటిదాకా భయపడ్డవాణ్ణి, ఆ మాటకి ఎదురు తిరిగాను. వాళ్లకి తెలుస్తుందండీ, తెలియనిది మనకే అన్నాను. నా గొంతు వరండాలోకి వినిపించిందట. ఆయన మాత్రం గొంతు పెంచలేదు. ఈ కుర్చీ కోసం ఎంతమంది తిరుగుతున్నారో తెలుసా అని నెమ్మదిగా అడిగారు. రాజీనామా కాగితం ఆయన మొహాన కొట్టి వచ్చేశానని రాసుకుంటే ఎంత బావుండును! కొట్టలేదు. గుడ్డ మడిచి జేబులో పెట్టుకుని బయటికొచ్చాను. ఆ తర్వాత నాలుగేళ్లు అక్కడే పనిచేశాను. ఆయన మీద ఎంత కోపముందో నా మీదా అంతే ఉంది, ఇప్పటికీ ఏ పాలూ తగ్గలేదు.

చైత్రంలో ఖాళీ బుర్ర సంచిలో పెట్టుకుని లారీ ఎక్కాను. శృంగవరపుకోటలో లారీ ఆగితే దిగి, సామల బస్తా దగ్గర నిలబడ్డాను. కొలవమంటారా అని కొట్టువాడు రెండుసార్లు అడిగాడు. చెయ్యి బస్తాలోకి వెళ్లింది కూడా. సిగ్గేసి తీసేశాను.

నేను ఊరు చేరేసరికి పండగ రోజు. అప్ప తలకి నూనె రాసుకుని, కొత్త చీర కట్టుకుని, గుమ్మంలో కూర్చుని ఉంది. నా కోసమే. బుర్ర అందుకోగానే బరువుని బట్టే ఆమెకి అర్థమైంది. జరిగిందంతా చెప్పాను. ప్రొఫెసరు గారు చెప్పింది, నేను చేసింది, తడిగుడ్డ, అన్నీ చెప్పాను. అన్నీ సచ్చిపోయినయ్యా అని అడిగింది. అన్నీ అన్నాను. ఎక్కడ పూడ్సినారు అంది. పూడ్చలేదప్పా, సీసాలో ఉన్నాయన్నాను.

"సచ్చినదాన్ని పూడ్సకుండా సీసాలో ఎట్టుకుని సూత్తారేటి? ఏటి మడుసులు మీరు?"

తిట్టినా కొట్టినా పడి ఉండేవాణ్ణి. ఆమె అదేమీ చెయ్యలేదు. బుర్ర తిరిగి నా చేతుల్లో పెట్టి, నువ్వే మొయ్యి, పూజారి అడిగితే నువ్వే సెప్పు అంది. అని నా వెనక నడిచింది.

రాళ్ల దగ్గర ఆడవాళ్లు వరసగా నిలబడ్డారు. బుర్రలు, బుట్టలు, ఆకుపొట్లాలు. వాళ్ల మధ్య ప్యాంటూ చొక్కాతో, బూట్లు విప్పి, నేను. కొందరు వేళాకోళమనుకుని నవ్వారు. చోళ్లు, కొర్రలు, కందులు అని ఒక్కొక్కరూ చెబుతుంటే వరస ముందుకి జరుగుతోంది. నా వంతు వచ్చింది. ఏం తెచ్చావని పూజారి అడిగాడు. నల్లసామ, అన్నాను. ఆయన దోసిలి పట్టాడు. బుర్ర బోర్లించి చూపించాను. చంపేశాను, నా చేతుల్తో నేనే చంపేశాను అని వాళ్ల మాటలోనే చెప్పాను. ఇంటర్వ్యూలో నాకు ఉద్యోగం తెచ్చిపెట్టిన మాటలోనే.

ఎవరూ నవ్వలేదు. భాద్రపదంలో ముంతలు పట్టుకొచ్చే ఆ నాలుగిళ్ల ఆడవాళ్లు అప్ప వంక కాదు, నా వంక చూశారు. తర్వాత ఒకావిడ తన బుట్టలోంచి చిటికెడు చోళ్లు తీసి బుర్రలో వేసింది. ఇంకొకావిడ కొర్రలు వేసింది. అప్ప అడ్డం చెప్పలేదు. అందరూ వేశాక మాత్రం బుర్ర నా దగ్గర్నుంచి తీసుకుని, ఆ గింజల్ని కొంగులో పోసుకుంది. ఖాళీ బుర్రని ఇంటికి తీసుకెళ్లి, మళ్లీ పొయ్యి మీద దూలానికి అలాగే కట్టేసింది.

భాద్రపదంలో సెలవు పెట్టి వెళ్లాను. వానకి ఘాటు రోడ్డు తెగిపోయి ఉంటే సగం దూరం నడిచాను. మా నాన్న దుకాణంలోంచి బియ్యం మూట భుజానికెత్తుకుని అప్ప ఇల్లు చేరాను. పొయ్యి మీద టెంకపిండి ఉడుకుతోంది. ఆమె కూర్చోమంది. దొప్పలో ఆ అంబలే పోసి ఇచ్చింది. చేదు. గొంతు దిగదు. తాగాను. తాగేదాకా చూస్తూ కూర్చుంది.

తర్వాత మూట విప్పి, పిడికెడు బియ్యం తీసి, గుమ్మం వెలుగులో పట్టి చూసింది.

"ఇయ్యి మొలుత్తాయా బాబూ?"

మొలవవప్పా అన్నాను. ఆమె తల ఊపి, ఆ పిడికెడూ పొయ్యి మీది కుండలో పోసింది.